బిజినెస్ క్లాస్ బావ

మా బావ డబ్బులు పెట్టి విమానం టికెట్ కొన్నవాళ్ళని చూసి జాలిపడతాడు. అందులో వెటకారం లేదు, నిఖార్సైన జాలి. "అయ్యో, క్యాష్ టికెట్టా?" అంటాడు, పరామర్శకి వచ్చినవాడి గొంతుతో. తరవాత కాసేపు మౌనం పాటిస్తాడు.

బావంటే మా అక్క మొగుడు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడ ప్రతి వీధికీ ఇలాంటి బావ ఒకడుంటాడని మీకు నేను చెప్పక్కర్లేదు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అది భుక్తికి. ముక్తికి వేరే పని ఉంది: క్రెడిట్ కార్డుల మీద పాయింట్లు పోగెయ్యడం, వాటిని మైళ్ళుగా మార్చడం, ఆ మైళ్ళతో బిజినెస్ క్లాసులో కాళ్ళు బారజాపుకుని ఇండియా రావడం.

మనవాళ్ళలో హోటల్ బిల్లు దగ్గర జరిగే కుస్తీ మీకు తెలుసుగదా. నేను కడతానంటే నేను కడతానని చొక్కాలు చిరిగేదాకా లాక్కుంటారు. ఈ సంప్రదాయాన్ని లాభసాటి వ్యాపారంగా మార్చిన ఘనత మా బావది. బిల్లు బల్ల మీదికి రాకముందే వెయిటర్ని దారిలో ఆపి కార్డు చేతిలో పెట్టేస్తాడు. కొత్తగా పరిచయమైనవాళ్ళు ఎంత మంచి మనసో అనుకుంటారు. ఇల్లు చేరేలోపే వాళ్ళ ఫోన్లు మోగుతాయి: "తలా ముప్ఫై రెండు డాలర్లు, జెల్ చెయ్యండి ప్లీజ్." బావ చేతిలో ఉన్నది ఆమెక్స్ గోల్డ్ కార్డు. హోటల్లో డాలరుకి నాలుగు పాయింట్లు. పదిహేనుమంది తిన్నది వాళ్ళ పొట్టల్లోకి పోతుంది, పాయింట్లు మాత్రం బావ ఖాతాలోకి వస్తాయి.

కొత్త కార్డు తీసుకుంటే మొదటి మూడు నెలల్లో నాలుగైదు వేల డాలర్లు ఖర్చుపెడితేగానీ బోనస్ ఇవ్వరు. ఆ మూడు నెలలూ చుట్టుపక్కల ఎవరింట్లో ఫ్రిజ్ చెడిపోయినా మొదట పరిగెత్తేది మా బావ. "నువ్వు కంగారుపడకు, షాపుకి నేనూ వస్తా, నా కార్డు గీస్తా, నాకు తీరిగ్గా ఇద్దువుగాని." సాటి తెలుగువాడి కష్టానికి ఇంతగా స్పందించే మనిషిని నేనెక్కడా చూడలేదు. నాలుగో నెలలో మాత్రం ఆ ఫ్రిజ్ పనిచేస్తోందా లేదా అని ఒక్క మాట అడగడు.

గుళ్ళో కూడా ఇదే వరస. మొన్నటి కార్తీకమాసంలో అభిషేకం టికెట్ కౌంటర్ దగ్గర పూజారిగారు "గోత్రం?" అని అడిగితే బావ "ఆమెక్స్ తీసుకుంటారా?" అని ఎదురడిగాడు. పక్కనే ఉన్న అక్క తలదించుకుని "కౌండిన్యస" అంది. పచారీ కొట్టుకి వెళ్తే కూరగాయలు ఎలా ఉన్నాయో చూడడు, ఆ కొట్టు బ్యాంకు లెక్కలో ఏ కోడ్ కింద పడుతుందో చూస్తాడు. 5411 అయితే పచారీ, 5812 అయితే హోటలు. కోడ్ కుదరకపోతే వంకాయలు ఎంత లేతగా ఉన్నా ఇంటికి రావు.

అక్కకి ఇంట్లో మరో పేరుంది. పీ టూ. అంటే ప్లేయర్ నంబర్ టూ. ఇది ఆ లోకంలో అందరూ వాడే మాటేనట. మొదటి ఆటగాడు కార్డు తీసుకుని, రెండో ఆటగాడిని సిఫారసు చేస్తే ఇద్దరికీ బోనస్. చేజ్ బ్యాంకు లెక్కలో ఇరవై నాలుగు నెలల్లో ఏ బ్యాంకువైనా సరే ఐదు కొత్త కార్డులు తీసుకుంటే ఇక ఆ బ్యాంకు కార్డు దొరకదు గనక, భార్యాభర్తలు వంతులవారీగా తీసుకోవాలి. పెళ్ళిరోజు బావ ఒక్క ఏడూ మర్చిపోలేదు. ఆ వారంలోనే ఒక కార్డుకి యాన్యువల్ ఫీజు పడుతుంది.

ఈ విద్యకి బావ దగ్గర పురాణం కూడా ఉంది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ పథకం మొదలుపెట్టడం అందులో మొదటి అధ్యాయం. రెండోది పుడ్డింగ్ ఘట్టం. 1999లో కాలిఫోర్నియాలో ఒక ఇంజనీరు, ఒక ఆహార కంపెనీ డబ్బాల మీద ముద్రించిన మైళ్ళ బేరంలో లొసుగు కనిపెట్టి, పావలా డాలరు పుడ్డింగు కప్పులు పన్నెండు వేలకు పైగా కొన్నాడు. మూడు వేల డాలర్లకి పన్నెండున్నర లక్షల మైళ్ళు. పుడ్డింగంతా ధర్మసంస్థకి దానమిచ్చి, లేబుళ్ళు కూడా వాళ్ళచేతే ఒలిపించుకున్నాడు. ఈ కథ చెప్పేటప్పుడు బావ గొంతు పూడుకుపోతుంది. మూడోది నాణేల ఘట్టం. అమెరికా టంకశాల డాలరు నాణేలని క్రెడిట్ కార్డు మీద అమ్మి, రవాణా ఖర్చు కూడా తనే పెట్టుకునేది. ఘనాపాఠీలు పెట్టెలకొద్దీ నాణేలు తెప్పించుకుని, సీలు విప్పకుండా బ్యాంకులో జమచేసి, దాంతోనే కార్డు బిల్లు కట్టేవారు. 2011లో టంకశాలవాళ్ళు మేలుకుని కార్డులు తీసుకోవడం మానేశారు. బావ అమెరికా వెళ్ళింది 2012లో. అది తన జాతకదోషమని నమ్ముతాడు.

ఇంతకీ బావ లెక్క ఏమిటంటే, డల్లాస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్‌కి ఖతార్ వాళ్ళ బిజినెస్ క్లాస్ ఒకవైపు టికెట్ నాలుగువేల తొమ్మిది వందల డాలర్లు అనుకుందాం. అదే సీటు డెబ్భై వేల అమెరికన్ మైళ్ళకి దొరికితే మైలుకి ఏడు సెంట్లు గిట్టినట్టు. "సెంటున్నరకి కొన్న మైలుని ఏడు సెంట్లకి వాడాను చూడరా!" అని తొడగొడతాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ బావ జన్మలో ఆ నాలుగువేల తొమ్మిది వందలు పెట్టి టికెట్ కొనేవాడు కాదు. మైళ్ళు లేకపోతే ఏడెనిమిది వందల డాలర్లకి ఎకానమీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వచ్చేవాడు. ఎన్నడూ పెట్టని ఖర్చుని మిగిల్చిన ఖాతాలో రాసుకోవడంలోనే ఉంది ఈ విద్య రహస్యమంతా. లండన్ మీదుగా వచ్చిన "ఫ్రీ టికెట్" మీద కట్టిన వందలాది డాలర్ల సర్‌ఛార్జీ సంగతి తన నోటితో ఎప్పుడూ చెప్పడు. అక్క చెబుతుంది.

అవును, మైళ్ళు కొంటాడు కూడా. విమాన సంస్థలు అప్పుడప్పుడు వందకి వంద బోనస్ అని అమ్మకం పెడతాయి. ఆ వారం బావ కంటికి నిద్ర ఉండదు. ఒకసారి అలా రెండు వేల డాలర్ల మైళ్ళు కొన్నప్పుడు అక్క అంది: "ఆ డబ్బుతో గాజులు చేయించుకుంటే కంటికైనా కనపడేవి." బావ వెంటనే చరిత్ర తీశాడు. "2020లో కరోనాకి విమానాలన్నీ నేల మీద ఉన్నప్పుడు యునైటెడ్ ఏది తాకట్టు పెట్టి అప్పు తెచ్చిందో తెలుసా? మైలేజ్ ప్లస్! ఐదువందల కోట్ల డాలర్ల పైచిలుకు పుట్టింది. మైలంటే మామూలు ఆస్తి కాదు." అక్క శాంతంగా, "గాజులైతే నేనూ తాకట్టు పెట్టుకోగలను" అంది.

మా ఇళ్ళల్లో శుభకార్యాలకి ముహూర్తం పెట్టాలంటే ఇప్పుడు ఇద్దరిని అడగాలి. ఒకరు పంతులుగారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు సీట్లు 331 రోజుల ముందు తెరుస్తారు, బ్రిటిష్ ఎయిర్‌వేస్, సింగపూర్ వాళ్ళు 355 రోజుల ముందు. కాబట్టి మా పిన్ని కూతురికి సంబంధం కుదరకముందే బావ దాని పెళ్ళికి టికెట్లు బుక్ చేసేశాడు. "అవార్డు టికెట్ కదా, పెళ్ళి తప్పిపోతే మైళ్ళు వెనక్కొస్తాయి" అని పిన్నితోనే అన్నాడు. తీరా సంబంధం కుదిరి గురువారం ముహూర్తం ఖాయమైతే, వీడియో కాల్లో పంతులుగారిని పట్టుకున్నాడు.

"గురువారం బదులు మంగళవారం కుదరదాండీ?"

"మంగళవారం పెళ్ళేమిటి నాయనా?"

"ఆ రోజు ఎవరూ ఏదీ పెట్టుకోరండీ, అందుకే సీట్లు మిగులుతాయి. పోనీ పై నెల?"

"పై నెలంతా మూఢం."

"మాకూ ఉన్నాయండీ మూఢాలు. బ్లాకౌట్ డేట్లంటారు."

పెళ్ళి గురువారమే జరిగింది, బావ ముందు శనివారమే దిగాడు. ఆ సాయంత్రం పంతులుగారు నాకు విడిగా ఫోన్ చేసి, ఆ కార్డు వైదిక వృత్తిలో ఉన్నవాళ్ళకి కూడా ఇస్తారేమో కనుక్కోమన్నారు.

మా అమ్మానాన్నల్ని బిజినెస్ క్లాసులో అమెరికా తీసుకెళ్ళాలన్నది బావ చిరకాల వాంఛ. ఇక్కడ వెటకారం చెయ్యను. మామగారికి మోకాళ్ళ నొప్పులు, అత్తగారికి నడుము నొప్పి, పదహారు గంటలు కూర్చోలేరని నిజంగానే ఆ మనిషికి బాధ. సంవత్సరం పాటు మైళ్ళు కూడబెట్టాడు. తీరా చూస్తే ఒకే విమానంలో రెండు అవార్డు సీట్లు దొరకలేదు. ఒక్కొక్కటే ఉన్నాయి. ఇంకెవరైనా అయితే ఆగేవారు. బావ అమ్మని దోహా మీదుగా, నాన్నని లండన్ మీదుగా పంపించాడు. "యాభై ఏళ్ళ కాపురంలో తిరుపతి కూడా విడిగా వెళ్ళలేదు. విడదీసిన పుణ్యం అల్లుడుగారిది" అంది అమ్మ, శంషాబాద్‌లో చక్రాల కుర్చీలో కూర్చుని.

ఆ సీటు పడకవుతుందని, తలుపు కూడా ఉంటుందని, అడిగినప్పుడల్లా భోజనం పెడతారని బావ ముందే గంటసేపు పాఠం చెప్పాడు. అమ్మ విన్నది ఒక్కటే ముక్క. బిజినెస్ క్లాసుకి పెట్టెకి ముప్ఫై రెండు కిలోలు, అలాంటివి రెండు. ఎకానమీలో ఇరవై మూడు చొప్పున రెండు. అంటే మనిషికి పద్దెనిమిది కిలోలు అదనం. వారం రోజులు వంటింట్లో కాటా పెట్టుకుని అమ్మ చేసిన లెక్కల ముందు బావ సెంట్లు దిగదుడుపే. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, ఆఖరికి ఒక చిన్న రోలు. విమానంలో ఆవిడ పడుకోలేదు. "ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య కాళ్ళు చాపుకుని పడుకుంటామా?" తలుపు వేసుకుని, సీటు మీద బాసింపట్టు వేసుకుని, స్టీలు డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని, పెరుగు మాత్రం అడిగి తెప్పించుకుంది. వాళ్ళిచ్చిన పైజమా విప్పకుండా పెట్లో పెట్టుకొచ్చి మా పనిమనిషి కొడుకుకిచ్చింది. నాన్న నాలుగు గంటలు ముందు దిగి, డల్లాస్ విమానాశ్రయంలో అమ్మ వచ్చేదాకా ఇంటికి రానని భీష్మించుకుని కూర్చున్నాడు.

బావ మాత్రం తక్కువా? బిజినెస్ క్లాసులో నిద్రపోతే మైళ్ళు దండగని రెప్పవెయ్యడు. మందు అలవాటు లేకపోయినా షాంపేన్ తెప్పించి, ఫొటో తీసి, వెనక్కిచ్చేస్తాడు. ఒక్కసారి ఎమిరేట్స్ పెద్ద విమానంలో ఫస్ట్ క్లాస్ ఎక్కాడు. ఆకాశంలో స్నానం చేయిస్తారు, నీళ్ళు ఐదు నిమిషాలు. ఒంటికి సబ్బు, కంటికి గడియారం. ఇంటికొచ్చాక బకెట్టు వేణ్ణీళ్ళు పోసుకుంటేగానీ స్నానం చేసినట్టు లేదని తనే చెప్పాడు. విమానంలో ఇచ్చే జిప్పు సంచులు ఇంట్లో ఓ బీరువాడు ఉన్నాయి. వాటిల్లో ఒకదాన్లో అక్క అత్తగారు వక్కపొడి పెట్టుకుంటారు.

ఎంత కూడబెట్టినా ఆ సొత్తుకి కాపలా లేదు. విమాన సంస్థలు ఎప్పుడు పడితే అప్పుడు రేటు పెంచేస్తాయి. డెల్టా 2015లో ఏ ఊరికి ఎన్ని మైళ్ళో చెప్పే పట్టికే తీసేసింది, 2019లో యునైటెడ్ అదే దారి పట్టింది. పోయినేడు ఒకరోజు తెల్లవారుజామున బావ ఫోన్ చేసి మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది. నా గుండె జారిపోయింది. ఎవరికేమైందని అరిచాను. "డీవాల్యుయేషన్ రా" అన్నాడు. నోట్లోంచి వచ్చిన తిట్టు మింగి ఓదార్చాను. ఏం చేస్తాం, ఈ మధ్య నాకూ అంటుకుంది. పెట్రోల్ బంకులో వెనక బళ్ళు హారన్లు కొడుతుంటే ఏ కార్డు తీయాలా అని పర్సులో వెతుక్కుంటూ నిలబడుతున్నాను.

ఇప్పుడు అక్కావాళ్ళు కొత్తిల్లు కొన్నారు. గృహప్రవేశానికి నాకు బిజినెస్ క్లాస్ టికెట్ ఇస్తానన్నాడు బావ. హైదరాబాద్ నుంచి కొలంబో, అక్కణ్ణించి దోహా, పారిస్, చికాగో, ఆపైన డల్లాస్. మధ్యలో ఓ రాత్రి లాంజ్‌లో. "అక్కడ ఉప్మా పెడతారు" అన్నాడు. నేను చెప్పాపెట్టకుండా ఎకానమీ టికెట్ కొనేసుకున్నాను. తెలిసి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేశాడు.

"సరేలే, కొన్నావు. ఏ కార్డుతో కొన్నావు?"

"డెబిట్ కార్డుతో బావా."

అవతల నిశ్శబ్దం. నిజానికి క్రెడిట్ కార్డే, పాయింట్లు కూడా బాగానే పడ్డాయి. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మా బావకి మాట రాకుండా చెయ్యాలని ఎన్నాళ్ళుగానో ఉంది.