మొదటి ప్రశ్న

2014 జులై 13. రియో డి జనీరోలో మరకానా స్టేడియం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్. జర్మనీ, అర్జెంటీనా. స్టాండ్స్‌లో 74,738 మంది. హైదరాబాదులో అప్పటికి అర్ధరాత్రి దాటింది.

ఆట మొదలు కాబోతుండగా, వార్మప్‌లో జర్మనీ మిడ్‌ఫీల్డర్ సామీ ఖెదీరాకి పిక్క పట్టేసింది. కోచ్ యోఆకిమ్ లోవ్ ఆ చోటు క్రిస్టోఫ్ క్రామర్‌కి ఇచ్చాడు. క్రామర్‌కి 23 ఏళ్లు. జాతీయ జట్టులోకి వచ్చి రెండు నెలలు. ఆ టోర్నీలో అతను అంతకుముందు ఆడింది రెండు మ్యాచ్‌ల చివర్లో కాసేపు. ఫ్రెండ్లీలు తీసేస్తే దేశం తరఫున మొదటి పదకొండు మందిలో ఉండటం అదే మొదటిసారి. ఆ మొదటిసారే ఫైనల్ తగిలింది.

17వ నిమిషంలో అర్జెంటీనా గోల్ ముందు బంతి కోసం పరుగెత్తాడు. డిఫెండర్ గారాయ్ భుజం వచ్చి అతని ముఖానికి తగిలింది. క్రామర్ పడిపోయాడు. జర్మనీ వైద్య సిబ్బంది లోపలికి పరుగెత్తారు. కాసేపటికి క్రామర్ లేచి నిలబడ్డాడు. నిలబడ్డాడు గనక ఆడాడు.

ఫుట్‌బాల్‌లో అప్పటి పద్ధతి అది. కాలు విరిగితే స్ట్రెచర్, తల అదిరితే మంచినీళ్ల సీసా. అదే టోర్నీలో జూన్ 19న సావో పాలోలో ఉరుగ్వే ఆటగాడు ఆల్వరో పెరైరాకి ఇంగ్లండ్ ఆటగాడి మోకాలు తలకి తగిలింది. స్పృహ తప్పాడు. మార్చేయమని ఉరుగ్వే డాక్టరు డగౌట్ వైపు చేతులు తిప్పాడు. లేచి కూర్చున్న పెరైరా డాక్టరు మీద కేకలేశాడు. డాక్టరు తగ్గాడు. పెరైరా ఆడాడు. ఉరుగ్వే గెలిచింది. ఆ రాత్రి అతన్ని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

పైగా అప్పట్లో ఒక మ్యాచ్‌లో మార్చుకోవడానికి వీలున్నది ముగ్గురినే. తలకు దెబ్బ తగిలినా ఆ ముగ్గురి లెక్కలోకే వస్తుంది. 17వ నిమిషంలో ఒకణ్ణి ఖర్చు పెట్టుకోవడానికి ఏ కోచ్‌కీ చెయ్యి రాదు.

ముఖానికో తలకో గట్టి దెబ్బ తగిలితే పుర్రె ఆగుతుంది, లోపల మెదడు ఆగదు. గిన్నెను కుదిపితే జున్నుముక్క గోడకు కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. దాన్ని కంకషన్ అంటారు. స్కాన్ తీస్తే చాలామందికి ఏమీ కనిపించదు. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు. ఏళ్ల తరబడి చేసిన పని గనక కాళ్లు వాటంతట అవే చేస్తాయి. జరుగుతున్నది మాత్రం లోపల నమోదు కాదు. వెంటనే పక్కన కూర్చోబెట్టిన వాడికంటే ఆటలో ఉండిపోయినవాడు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మొదటిది మానకముందే రెండోది తగిలితే, అరుదుగానే అయినా, ప్రాణం మీదికి వస్తుంది.

క్రామర్ ఆడుతూనే ఉన్నాడు. పరుగెత్తాడు. పాసులిచ్చాడు. ఎదుటివాళ్లు వస్తుంటే అడ్డం వెళ్లాడు. పద్నాలుగు నిమిషాలు.

మధ్యలో ఒకసారి రిఫరీ దగ్గరికి వచ్చాడు. రిఫరీ ఇటలీకి చెందిన నికోలా రిజోలి. వృత్తిరీత్యా ఆర్కిటెక్టు.

"రెఫ్, ఇది ఫైనలేనా?" అన్నాడు క్రామర్.

రిజోలి అది హాస్యమనుకున్నాడు. ఏమన్నావు, మళ్లీ చెప్పమన్నాడు.

"ఇది నిజంగా ఫైనలేనా? నాకు తెలియాలి."

"అవును."

"థాంక్స్. అది తెలుసుకోవడం ముఖ్యం."

చెప్పి వెళ్లి మళ్లీ తన చోట నిలబడ్డాడు. రిజోలికి అనుమానం వచ్చింది. జర్మనీ ఆటగాడు ష్వైన్‌స్టైగర్‌ని పిలిచి మీవాడి సంగతి చూసుకోండి, మార్చండి అన్నాడు. 31వ నిమిషంలో క్రామర్‌ని చెరోపక్కా పట్టుకుని బయటికి నడిపించారు. కెమెరా అతని ముఖం దగ్గరికి వెళ్లింది. కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు దేనిమీదా ఆనడం లేదు.

అతని బదులు ఆండ్రే షుర్లే దిగాడు. తొంభై నిమిషాల్లో గోల్ పడలేదు. అదనపు సమయంలో, 113వ నిమిషంలో, షుర్లే ఎడమ పక్కనుంచి బంతిని లోపలికి వేశాడు. సహచరుడు గోట్సె ఛాతీతో ఆపి ఎడమకాలితో గోల్‌లోకి కొట్టాడు. జర్మనీ ప్రపంచ విజేత. క్రామర్ మెడలో కూడా పతకం పడింది.

మొదటి సగం తనకేమీ గుర్తులేదని అతను తర్వాత విలేకరులకు చెప్పాడు. దెబ్బ తగలగానే బయటికి వచ్చేశాననే అనుకున్నాడట. డ్రెస్సింగ్ రూముకి ఎలా చేరాడో తెలియదు. అతని లెక్కలో ఆ ఫైనల్ రెండో సగంతో మొదలవుతుంది, అప్పటికి అతను ఆటలో లేడు. రిజోలి తన వంతు సంభాషణను ఒక ఇటలీ పత్రికకు చెప్పాడు. ప్రపంచమంతా అచ్చయింది. ఎక్కువ చోట్ల సరదా వార్తల కింద వేశారు.

ఆ సెప్టెంబరులో కొత్త పద్ధతి వచ్చింది. కంకషన్ అనుమానం ఉంటే రిఫరీ మూడు నిమిషాల దాకా ఆట ఆపవచ్చు. మళ్లీ ఆడవచ్చని జట్టు డాక్టరు చెప్పాలి. తలదెబ్బకి లెక్కలో పడని అదనపు సబ్‌స్టిట్యూట్‌ ప్రయోగంగా అమల్లోకి వచ్చింది 2021లో.

ఇవి ఇంత ఆలస్యంగా రావడం డాక్టర్లకు ఏం చేయాలో తెలియక కాదు. 2012 నవంబరులో క్రీడల్లో కంకషన్ మీద జూరిచ్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగింది. నిర్వాహకుల్లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా ఒకటి. కంకషన్ అని తేలినవాణ్ణి ఆ రోజు మళ్లీ ఆడించకూడదని అక్కడ తీర్మానించారు. మైదానం పక్కనే వాడుకోవడానికి ఒక పరీక్షాపత్రం కూడా తయారుచేశారు. దానిమీద ఫీఫా గుర్తు ఉంది.

అందులో ఐదు చిన్న ప్రశ్నలున్నాయి. ఆస్ట్రేలియాలో డేవిడ్ మాడక్స్ బృందం అక్కడి ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద పరీక్షించి 1995లో ప్రచురించినవి. పేరేమిటి, పుట్టినరోజెప్పుడు అంటే తల అదిరినవాడు కూడా చాలాసార్లు సరిగ్గానే చెబుతాడు. అందుకని వాటిని వదిలేసి అప్పటి ఆట గురించే అడుగుతారు. ఇప్పుడు ఎన్నో సగం? చివరి గోల్ ఎవరు కొట్టారు? కిందటి మ్యాచ్ ఎవరితో ఆడారు? గెలిచారా? వీటన్నిటికంటే ముందు, మొదటి ప్రశ్న: ఇవాళ మనం ఎక్కడ ఆడుతున్నాం?

డాక్టరు అడగాలి, ఆటగాడు చెప్పాలి.

మరకానాలో ఆటగాడు అడిగాడు, ఆర్కిటెక్టు చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు.