నేను 48 పోర్టుల స్విచ్‌ని

గోడ మీద లైటు వేసే స్విచ్‌ని కాదు, నెట్‌వర్క్ స్విచ్‌ని. సిస్కో వారి క్యాటలిస్ట్ 2960 రకం. పంజాగుట్టలో ఒక బిజినెస్ స్కూల్ సర్వర్ రూములో ఏళ్ల తరబడి పనిచేశాను. ఆ కాలేజీలో ఏ పని కదలాలన్నా నా మీదుగానే కదలాలి.

ఈ చుట్టుపక్కల మేనేజ్‌మెంట్ చదువు పాతదే. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ రాజ్‌భవన్ రోడ్డులో బెల్లావిస్టాలో ఉంది. 1984లో ఎన్.జె. యశస్వి స్థాపించిన ఇక్ఫాయ్‌కి చాలాకాలం పంజాగుట్ట నాగార్జున హిల్సే చిరునామా. ఆ రోజుల్లో కేస్ స్టడీ అంటే జిరాక్సు కాగితాల కట్ట. నేను వచ్చేసరికి అడ్మిషన్లు, ఫీజులు, హాజరు, మూడిల్‌లో అసైన్‌మెంట్లు, లైబ్రరీలో సీఎంఐఈ ప్రోవెస్ కంపెనీల డేటాబేస్, ల్యాబులో ఎస్‌పీఎస్‌ఎస్ గణాంకాల సాఫ్ట్‌వేర్, చివరికి సిబ్బంది జీతాలు కూడా నెట్‌వర్క్ మీదికి వచ్చేశాయి.

ఒక ఉదయం క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ టెస్టు. ఇస్త్రీ చొక్కాలతో పిల్లలు ల్యాబు నిండా కూర్చున్నారు. ఒక్క కంప్యూటర్లోనూ సైటు తెరుచుకోలేదు. హాస్టల్లో ఎవరో సొంత వైఫై రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కు తగిలించారు. అది ల్యాబు కంప్యూటర్లకు తప్పుడు ఐపీ అడ్రసులు పంచిపెడుతోంది. "ఏం బాబూ, ఇంకెంతసేపు?" అని సార్లు గుమ్మంలో నిలబడి అడుగుతుంటే, సిస్టమ్ అడ్మిన్ నా ముందు నేల మీద కూర్చున్నాడు. లేత నీలం కన్సోల్ కేబుల్ గుచ్చి, మ్యాక్ అడ్రస్ టేబుల్ తెరిచాడు. రౌటర్ జాడ 17వ పోర్టులో దొరికింది. ఆ పోర్టుకు షట్‌డౌన్ కొట్టాడు. ల్యాబులో అడ్రసులు మళ్లీ సరైనవి వచ్చాయి, టెస్టు జరిగింది. హాస్టల్‌ను, ల్యాబును వేర్వేరు నెట్‌వర్కులుగా చేసి, వాటి మధ్య రాకపోకలు నడపడానికి లేయర్-3 స్విచ్ కావాలని అతను ఎప్పుడో పెట్టిన నోట్ మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది.

నాకు బాధ కలిగించేది ఇదే. స్ట్రాటజీ, ఆపరేషన్స్, రిస్క్ అని పాఠాలు చెప్పే చోట, వాటిని రోజూ చేసి చూపిస్తున్న మనిషిని రిపేరు మనిషిగానే చూశారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. తరగతి గదులకు తాళాలు పడ్డాయి, నా లైట్లు మాత్రం ఆరలేదు. అడ్మిన్ ఇంటి నుంచే లాగిన్ అయి, పాఠాల రికార్డింగులను చిన్న ఫైళ్లుగా మార్చి పెట్టేవాడు. ఊళ్లలో ఫోన్ డేటా మీద చదువుకుంటున్న పిల్లలకు అవే దిక్కయ్యాయి. ఆ ఏడాది ఐటీ విభాగం లేకపోతే సెమిస్టర్ లేదు.

ఆ తర్వాత కాలేజీ గిగాబిట్‌కు మారింది. నా పోర్టుల వేగం 100 ఎంబీపీఎస్సే కాబట్టి పాత సామానుతో పాటు నన్నూ అమ్మేశారు. ఇప్పుడు అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో, సిస్కో వారి నెట్‌వర్కింగ్ కోర్సు సీసీఎన్‌ఏ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాను. కేబుల్ పెట్టగానే నా పోర్టు లైటు నారింజ రంగులో వెలుగుతుంది, అరనిమిషానికి ఆకుపచ్చ అవుతుంది. ఆ అరనిమిషంలో లూప్ ఉందేమోనని నేను చూసుకుంటానని సార్ చెబుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇక్కడే నాకు నిజంగా గౌరవం దొరికింది.

సాయంత్రమైతే ఇదే సందులోకి ఎంబీఏ పిల్లలూ వస్తారు. శాప్ ఫైకో, పవర్ బీఐ, పైథాన్ కోసం మళ్లీ ఫీజులు కడతారు. వీటిలో కొన్నైనా వాళ్ల కాలేజీ ఐటీ విభాగమే నేర్పగలదు. డౌన్‌టైమ్ ఖర్చెంత, ఏటా చేసుకునే నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) బేరం ఎలా ఆడాలి, డేటా పోతే ఏం చేయాలి అన్నవి ఏ పుస్తకంలోని కేస్ స్టడీకీ తీసిపోని పాఠాలు.

కాలేజీలు నడిపే పెద్దలకు నా విన్నపం: అకడమిక్ క్యాలెండర్, పరీక్షలు, బడ్జెట్ ఖరారు చేసే మీటింగులో మీ సిస్టమ్ అడ్మిన్‌కు కుర్చీ వేయండి. సెమిస్టర్‌కు ఒక్క క్లాసైనా అతని చేత చెప్పించండి.