సర్కారుకు దొరక్కుండా దాచడం ఎలా?

రిటైర్మెంటు వయసును బట్టి వస్తుందని అమాయకులు అనుకుంటారు. మన దగ్గర అది ప్రభుత్వాన్ని బట్టి వస్తుంది. 1983లో ఎన్టీ రామారావు గారు గద్దెనెక్కిన కొత్తలోనే పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించేశారు. పొద్దున క్యారేజీ పట్టుకుని ఆఫీసుకెళ్లిన గుమాస్తా సాయంత్రానికి వృద్ధుడై ఇంటికొచ్చాడు. తర్వాత మళ్లీ 58 అయింది. రాష్ట్రం విడిపోయిన 2014లో 60 అయింది. 2022 జనవరి నుంచి 62. అనుభవజ్ఞుల సేవలు రాష్ట్రానికి అవసరం అన్నారు పెద్దలు. గ్రాట్యుటీలు చెల్లించడానికి ఖజానాలో సొమ్ము లేనప్పుడే అనుభవం విలువ బాగా కనిపిస్తుందని గిట్టనివాళ్లు అన్నారు.

బెజవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివర ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు. ఆయనకు మిగిలిన ఆశయం ఒక్కటే. తన సొమ్మును ఏ పార్టీ చెయ్యీ పడని చోట దాచాలి. ఆయనది పాతకాలపు ఉద్యోగం కాబట్టి పాత పెన్షనే వస్తోంది. అయినా నమ్మకం లేదు. "ఇవాళ ఇస్తున్నారోయ్, రేపు ఇస్తారని కాగితం మీద రాసిచ్చారా?" అంటారు. రాసిచ్చారని నేనంటే, "ఎవరు రాసిచ్చారు? పాత ప్రభుత్వమేగా!" అని నా నోరు మూయిస్తారు.

మొదట ఆయన బ్యాంకుల్ని నమ్మారు. మొత్తం ఒకేచోట పెడితే రెండు ప్రమాదాలు. బ్యాంకు మునిగితే అప్పట్లో బీమా లక్ష రూపాయల వరకే. వడ్డీ ఏడాదికి 50 వేలు దాటితే బ్యాంకువాడు పన్ను కోసి ఇచ్చేవాడు. అందుకని డిపాజిట్లను మూడు ముక్కలు చేసి ఆంధ్రా బ్యాంకులో ఒకటి, కార్పొరేషన్ బ్యాంకులో ఒకటి, యూనియన్ బ్యాంకులో ఒకటి వేశారు. మూడు చోట్లా 15హెచ్ ఫారం ఇచ్చారు. అంటే, అయ్యా నేను పన్ను కట్టేటంత వాణ్ని కాను అని మూడుసార్లు ప్రమాణం చేశారన్నమాట. పిల్లలు అబద్ధమాడితే బెత్తం తీసిన చెయ్యే ఆ మూడు సంతకాలూ చేసింది.

2020 ఏప్రిల్ 1న కేంద్రం ఆ మూడు బ్యాంకుల్నీ కలిపి ఒక్కటి చేసింది. దేశంలో అన్ని బ్యాంకులుండగా సరిగ్గా ఆ మూడూ! భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు పేరు చెరిగిపోయిందని జిల్లా అంతా బాధపడుతుంటే, మాస్టారు వేరే కారణానికి బాధపడ్డారు. ముచ్చటగా మూడు చోట్ల దాచిన డిపాజిట్లు ఒకే గూటికి చేరి ఒకదాని గుట్టు ఒకటి చెప్పేశాయి.

తర్వాత డిపాజిట్లను భార్య పేరు మీదికి మార్చారు. భార్యకు ఉత్తినే ఇచ్చిన సొమ్ము మీద వచ్చే వడ్డీని భర్త ఆదాయంలోనే కలిపి లెక్క కడతారని ఆడిటరు చెప్పాడు. కోడలికిచ్చినా అంతే. వయసొచ్చిన కొడుక్కిస్తే మాత్రం ఆదాయపన్ను శాఖ అడ్డు చెప్పదు. కానీ తర్వాత ఆ డబ్బు కనపడుతుందన్న హామీ ఆ శాఖ కూడా ఇవ్వదు. ఇన్నేళ్లూ సెక్షన్ల నంబర్లు ఎక్కాల్లా కంఠస్థం చేసుకున్నారాయన. 1961 నాటి చట్టం పోయి, 2026 ఏప్రిల్ నుంచి 2025 చట్టం వచ్చి ఆ నంబర్లన్నీ మార్చేసింది. ఇప్పుడు మళ్లీ ఒకటో ఎక్కం నుంచి మొదలు.

ఇక కృష్ణాజిల్లా మనిషికి చివరి నమ్మకం ఒకటుంది. భూమి. పార్టీలొస్తాయి, పోతాయి, భూమి ఎక్కడికీ పోదు అంటారు. అలా నమ్మి మాస్టారు బ్యాంకుల విలీనానికి ముందే గ్రాట్యుటీ మొత్తం పట్టుకెళ్లి, ప్రకాశం బ్యారేజీ దాటి, 2016లో తుళ్లూరు వైపు ఒక ప్లాటు కొన్నారు. రాజకీయాలు అంటకూడదని రాజధాని అమరావతిలో కొన్నారు! నీళ్లకు భయపడి కృష్ణలో దూకినట్టు.

2015 అక్టోబరు 22న ప్రధాని శంకుస్థాపన చేసిన ఊరు కదా అని ఆయన ధైర్యం. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినిపించింది. ఆ సాయంత్రం మాస్టారి ప్లాటు ఉన్నచోటే ఉంది. ధర ఒక్కటే పోయింది. రాజధానిని అక్కడే కట్టాలని 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చాక కొంచెం ఊపిరి పీల్చుకున్నారు. 2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు పూర్తయ్యాక కాఫీ అడిగారు. 2025 మే 2న ప్రధాని మళ్లీ వచ్చి పనులు తిరిగి మొదలుపెట్టాక మనిషి కాస్త ఒళ్లు చేశారు. ఇప్పుడాయన పేపర్లో షేర్ల పేజీ చూడరు. సర్వేల పేజీ చూస్తారు.

రాజధానికి భూములిచ్చిన రైతులకు కేంద్రం 2017లో ఒక మినహాయింపు ఇచ్చింది. పూలింగులో ఇచ్చిన భూమి మీద మూలధన లాభాల పన్ను లేదు. అయితే 2014 జూన్ 2 నాటికి, అంటే కొత్త రాష్ట్రం పుట్టిన నాటికి, ఆ భూమి వాళ్లదై ఉండాలి. ఇది న్యాయమైన మినహాయింపే. తాతల నాటి పొలం ఇచ్చి కాగితం పుచ్చుకున్నవాడి దగ్గర పన్ను కూడా వసూలు చేయడం దుర్మార్గం. తర్వాత పరుగెత్తుకొచ్చి కొన్న మనలాంటివాళ్లకు ఆ గీత వర్తించదు. ఆ దిగులు తీర్చుకోవడానికి మనకు రిజిస్ట్రారు ఆఫీసుంది.

అక్కడ ప్రతి స్థలానికీ రెండు ధరలు. గవర్నమెంటు వాల్యూ ఒకటి, బయటి రేటు ఇంకొకటి. మొదటిది దస్తావేజులో రాస్తారు, రెండోది సంచిలో ఇస్తారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. సంచిలో వెళ్లినదాని మీద సున్న. దీన్ని ఎగవేత అనరు. మామూలు అంటారు. మాస్టారూ మామూలుగానే కొన్నారు. "అందరూ చేస్తుంటే మనమొక్కళ్లం హరిశ్చంద్రులమైతే కాటికాపరి ఉద్యోగమేనోయ్" అన్నారు.

పామర్రు దగ్గర ఆయనకు రెండెకరాల మాగాణి ఉంది. కౌలు బస్తాల్లో వస్తుంది. వ్యవసాయ భూమి మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయమే, దానికి ఆదాయపన్ను లేదు. చట్టం దృష్టిలో ఫ్యాను కింద కూర్చున్న మాస్టారు వ్యవసాయదారుడు. దమ్ములో దిగినవాడు కౌలు కార్డు కోసం తిరుగుతున్నవాడు. డెల్టాలో ఈ ఏర్పాటు ఎంత పాతదంటే, దీంట్లో వింత ఉందని ఎవరైనా అంటే వాణ్నే వింతగా చూస్తారు.

పన్నును చట్టబద్ధంగా తప్పించుకుంటే పాపమా అన్న ప్రశ్న పండితులు తేల్చాల్సిందని అనుకోకండి. దాని మీద దేశమంతా వల్లె వేసే తీర్పుకు ఆధారం మన సరుకే. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం తయారుచేసే మెక్‌డొవెల్ కంపెనీ ఎక్సైజు సుంకాన్ని కొనేవాళ్ల చేతనే నేరుగా కట్టించి, అది మా అమ్మకాల్లోది కాదు కాబట్టి దాని మీద అమ్మకపు పన్ను మేం కట్టం అంది. 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కుదరదంది. ఆ ధర్మాసనంలో మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి విడిగా తీర్పు రాసి, పన్నును ఉపాయంగా తప్పించుకోవడం అనైతికం కాదనడం వట్టి నటన అన్నారు. తెలివైనవాడు దించుకున్న బరువు అమాయకుడి నెత్తిన పడుతుందన్నారు. 2003లో అదే కోర్టు మారిషస్ ఒప్పందం కేసులో ఆ మాటల పదును తగ్గించింది. 2017 ఏప్రిల్ నుంచి ఉపాయాల్ని పట్టుకునే నిబంధన ఒకటి అమల్లోకొచ్చింది గానీ, ఉపాయం వల్ల మిగిలిన పన్ను ఏడాదికి మూడు కోట్లు దాటితేనే అది కదులుతుంది. మాస్టారి ఉపాయాలు దానికి ఆనవు.

ఆయన తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఎదుటి పక్షమేమీ హరిశ్చంద్రుడు కాదు. 2022 జూన్‌లో సుమారు 90 వేల మంది ఉద్యోగుల భవిష్య నిధి (జీపీఎఫ్) ఖాతాల్లోంచి 800 కోట్ల దాకా మాయమయ్యాయని ఉద్యోగ సంఘం గగ్గోలు పెట్టింది. సాంకేతిక లోపమన్నారు అధికారులు. దొంగ ఎత్తుకెళ్తే గవర్నరుపేట స్టేషన్లో చెప్పుకుంటాం. సాంకేతిక లోపం ఎత్తుకెళ్తే ఏ స్టేషన్లో చెప్పుకోవాలి?

మాస్టారి కొడుకూ మాస్టారే. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరాడు కాబట్టి పాత పెన్షన్ కాదు, సీపీఎస్. నెలనెలా పది శాతం జీతం మార్కెట్లోకి పోతుంది. గెలిస్తే వారం రోజుల్లో సీపీఎస్ రద్దు చేస్తామని 2019లో గెలిచినవాళ్లు ఎన్నికల ముందు మాటిచ్చారు. ఆ వారం నాలుగేళ్లు నడిచి, 2023లో రద్దుకు బదులు గ్యారంటీ పెన్షన్ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది గ్యారంటీ ఇచ్చిన ప్రభుత్వం వెళ్లిపోయింది. 2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ (పీఆర్సీ) ఉత్తర్వులకు వ్యతిరేకంగా ఛలో విజయవాడ జరిగినప్పుడు పోలీసుల కళ్లుగప్పి మారువేషాల్లో వచ్చిన ఉద్యోగులతో మా బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. అందులో ఈ అబ్బాయీ ఉన్నాడు. ఖజానా మాకివ్వాల్సింది ఇవ్వాలని గొంతు చించుకున్నాడు. న్యాయమే. ఆ తర్వాత గన్నవరం దగ్గర స్థలం కొని, సగం సంచిలో ఇచ్చాడు. ఏ ఖజానా తనకివ్వాలని రోడ్డెక్కాడో దానికే ఆ సగం మీద ఏడున్నర శాతం ఎగ్గొట్టానన్న ఆలోచన అబ్బాయికి రాలేదు. నాన్నగారికి ఎటూ రాదు.

ఉద్యోగ సంఘాల నాయకులకు ఒక విన్నపం. ఈసారి ఛలో విజయవాడకు డిమాండ్ల పత్రం రాసేటప్పుడు పాత పెన్షన్ కింద ఇంకొక్క వాక్యం చేర్చండి: "మా సభ్యులందరూ ఇకనుంచి స్థలాలు అసలు ధరకే రిజిస్టరు చేయించుకుంటారు." ప్రభుత్వం మీ డిమాండ్లకు ఒప్పుకుంటుందో లేదో తర్వాత సంగతి. ముందు ఈ వాక్యం మీ కార్యవర్గంలో నెగ్గించుకు రండి.