సాంబారు పడ్డవాడి వాంగ్మూలం

ఒకటి కలపడం, ఒకటి తీసెయ్యడం. ఒకటో తరగతిలో పలక మీద దిద్దిన ఈ రెండు లెక్కల మీదే నా సంసారం నడుస్తోందంటే మా చుట్టాలు నమ్మరు. ఇంజనీరింగు చదివించిన మా నాన్నగారికి చెప్పే ధైర్యం నాకూ లేదు. అంతంత ఫీజులు కట్టింది కూడికలకీ తీసివేతలకీనా అంటారు.

నేను పనిచేసేది డిస్ట్రిబ్యూటెడ్ ఫైల్ సిస్టమ్ మీద. ఒక మెషీన్లో పట్టని ఫైళ్ళని పది మెషీన్లలో సర్దేసి, వాడుకునేవాళ్ళకి మాత్రం అంతా ఒక్కటే డిస్కు అనిపిస్తుందది. ఈ వంశంలో పేరు మోసినది గ్లస్టర్. ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టుకునే పెద్ద చిట్టా ఏదీ లేకుండా, ఫైలు పేరు మీద ఒక లెక్క కట్టి చోటు తేల్చేస్తుంది. 2011లో రెడ్ హ్యాట్ దాన్ని దాదాపు 13.6 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. మా సాఫ్ట్‌వేరు దానికి వేలు విడిచిన మేనల్లుడు. వంశం గొప్పదే, రాబడే లేదు.

ఇందులో ఒక ఫైలు తాలూకు వివరాలు మెమరీలో ఒకచోట ఉంటే, నలుగురూ ఒకేసారి వచ్చి వాడుకుంటుంటారు. మరి ఆ చోటు ఎప్పుడు ఖాళీ చెయ్యాలి? జార్జ్ కాలిన్స్ అనే ఆయన 1960లోనే ఉపాయం చెప్పాడు. పట్టుకున్నప్పుడల్లా ఒకటి కలుపు, వదిలినప్పుడల్లా ఒకటి తియ్యి, సున్నా అయితే తుడిచెయ్యి. దీన్నే రిఫరెన్స్ కౌంటింగ్ అంటారు. వినడానికి ఎంత హాయిగా ఉందో చూశారా? ఇంత హాయైన లెక్క తప్పినందుకే మా సాఫ్ట్‌వేరు ఢామ్మని కూలడం మొదలెట్టింది. కూలాక ఆ డిస్కులో ఏ ఫైలు తెరవబోయినా "ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్" అని ఒకటే పాట.

నేను కోనసీమలో మా ఇంట్లో కూర్చుని పనిచేస్తాను. వీధరుగు మీద పెదనాన్నగారు కూర్చుంటారు. లెక్కల మేస్టారుగా రిటైరయ్యారు.

"ఏరా అబ్బాయ్, పొద్దుట్నించీ ఆ పెట్టెని చూసి పళ్ళు నూరుతున్నావు. ఏవైంది?"

"తీసివేత తప్పింది పెదనాన్నగారూ. ఎక్కడ తప్పిందో దొరకట్లేదండి."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి మా ఇంట్లో ఒకడి కష్టం ఆయన సబ్జెక్టులోకొచ్చింది. ఇంక తప్పదని, ఆయనకి తెలిసిన లోకంలోనే చెప్పాను.

"పెళ్ళి భోజనాల్లో బంతి నడుస్తోందనుకోండి. తినేవాళ్ళు సున్నా అయితేనే విస్తళ్ళెత్తి రెండో బంతిని కూర్చోబెట్టాలి. చివరికి ఇద్దరే మిగిలారు. అందులో ఒకాయన లేచాడు. బల్ల దగ్గరున్నవాడు 'ఒకటి తీశాం' అన్నాడు. ఆయనే చెయ్యి కడుక్కోడానికి వెళ్తే, కుళాయి దగ్గరున్నవాడు కూడా 'ఒకటి తీశాం' అన్నాడు. లెక్క సున్నా! సాంబారు కోసం ఎదురుచూస్తున్న రెండో ఆయన ముందు విస్తరి మాయం. ఆ కుర్చీలో పెళ్ళికొడుకు మేనమామ కూర్చున్నాడు. ఇంతలో 'ఇదిగో తెస్తానండీ' అని వెళ్ళిన కుర్రాడు బకెట్టుతో వచ్చి, కుర్చీ గుర్తు పెట్టుకున్నాడు గనక, మొహం చూడకుండా గరిటె వంచేశాడు."

"మేనమామ ఒళ్ళోనా!" అన్నారు పెదనాన్నగారు, ఎంతో తృప్తిగా.

"ఆయ్. ఇప్పుడు కేకలేసేది మేనమామ, తన్నులు తినేది సాంబారు కుర్రాడు. కుళాయి దగ్గరివాడు మాత్రం కిళ్ళీ వేసుకుని ఇంటికెళ్ళిపోయాడండి."

మా ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. ప్రోగ్రాం కూలగానే, ఆఖరి క్షణంలో ఎవరు ఎవర్ని పిలిచారో చూపించే బ్యాక్‌ట్రేస్ అనే వాంగ్మూలం దొరుకుతుంది. అందులో మొదటి పేరు ఎవరి కోడుదో వాడే దోషి అని మీటింగులో తేల్చేస్తారు. పాపం ఒక నెమ్మదైన కుర్రాడి కోడు ఇలాగే ఇరుక్కుంది. దాన్ని అందరూ అక్షరం అక్షరం చదివారు. సున్నం చుక్కంత తప్పు లేదు. తరవాతిసారి ఇంకొకరి కోడులో కూలింది. ఆ తరవాత మరొకరి దాంట్లో. బకెట్టు ఎవరి చేతిలో ఉంటే వాడే దొంగ!

వాల్‌గ్రైండ్ అనే పరిశోధకుణ్ణి పెట్టాం. అది ప్రోగ్రాంని ఇరవై రెట్లు నెమ్మదిగా నడిపిస్తుంది. ఆ నడకకి బగ్గు నిద్రపోయింది. అడ్రస్ శానిటైజర్ పెట్టాం. అదైతే రెండు రెట్లే నెమ్మది. తుడిచేసిన చోటులో వేలుపెట్టింది ఎవరో, దాన్ని తుడిచింది ఎవరో ఇద్దర్నీ పట్టిస్తుంది. కానీ ఆఖరి తీసివేత ఎవరిదో చెబుతుంది గానీ, మధ్యలో అదనంగా తీసింది ఎవరో చెప్పదు. ఇంక గత్యంతరం లేక ప్రతి కూడిక పక్కనా, ప్రతి తీసివేత పక్కనా చేసినవాడి పేరు రాయించాం. అలా రాయించాక, ఆఫీసు ల్యాబులో బగ్గు రావడమే మానేసింది.

మా ఇంట్లో మాత్రం వచ్చింది.

కారణం కొబ్బరిచెట్టు. వానాకాలం మా వైపు గాలి వీస్తే కొబ్బరాకు తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. రౌటరు ఆరిపోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది. సర్వరు నుంచి జవాబు రాకపోతే మా సాఫ్ట్‌వేరు కాసేపు ఎదురుచూస్తుంది. గ్లస్టర్‌లో అయితే ఆ గడువు మామూలుగా 42 సెకన్లు, మాదీ ఇంచుమించు అంతే. గడువు దాటితే సర్వరు మీద ఆశ వదులుకుని, పెండింగు పనులన్నీ రద్దు చేసి, ఒక్కొక్కదానికీ ఒకటి తీసేస్తుంది. ల్యాబులో నెట్టు ఉంటే ఉంటుంది, తీసేస్తే పోతుంది. మా ఊళ్ళో అలా కాదు, పోయినట్టే పోయి, సరిగ్గా ఆ గడువు తీరే వేళకి తిరిగొస్తుంది. అప్పుడు ఆలస్యమైన జవాబు వచ్చిపడి, అది కూడా తన వంతు ఒకటి తీసేస్తుంది. కుళాయి దగ్గరివాడు దొరికాడు!

మందు ఇంతే: పెండింగు జాబితాలోంచి ఆ పని తాలూకు చీటీని తాళం వేసుకుని తియ్యాలి, ఆ చీటీ ఎవరి చేతికొస్తే వాడే లెక్క తగ్గించాలి. రెండోవాడికి చీటీ దొరకదు గనక నోరుమూసుకుని వెళ్ళిపోతాడు.

ఇది మా ఒక్కళ్ళ చేతకానితనం అనుకోకండి. లినక్స్ కెర్నెల్ అంతటిదానిలోనే తీసివేత మరిచిపోయిన చోటొకటి 2016లో బయటపడింది. కలపడమే తప్ప తీసెయ్యడం లేక ఆ లెక్క 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 దాకా పోయి, గిర్రున తిరిగి సున్నా అయ్యేది. పరాయివాడు మెషీన్ని ఆక్రమించుకోడానికి ఆ సందు చాలు. 2017లో కెర్నెల్ వాళ్ళు, హద్దు దాటబోతే లెక్క అక్కడే బిగుసుకుపోయే కొత్త రకం కౌంటరు తెచ్చారు. మెమరీ కాస్త వృథా అయితే అయింది, వాడుతున్న చోటు మాత్రం ఎత్తెయ్యకూడదన్నది దాని నీతి.

కాబట్టి సాఫ్ట్‌వేరు సోదరులకి నా విన్నపం. కూలిన చోట దొరికినవాణ్ణి మీటింగులో నిలదీసే ముందు, లెక్క ఎక్కడ రెండుసార్లు తగ్గిందో చూడండి. ల్యాబులో నెట్టుని కావాలని పీకుతూ, పెడుతూ, మళ్ళీ పీకుతూ పరీక్షించండి. అంత ఓపిక లేకపోతే వానాకాలంలో మా కోనసీమకి వచ్చెయ్యండి. ఆ పని మా కొబ్బరిచెట్లు ఉచితంగా చేసిపెడతాయి, భోజనం మా ఇంట్లో.