మొహం మీద దుక్కి

ఈ పెళ్లిళ్ల సీజన్‌లో జహీరాబాద్‌లో బంగారం కంటే ముందు సూదులు కొంటున్నారు. మొహం మీద దొర్లించే ఆ సూదుల రోలర్ ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో అద్దం కింది అరలో, దువ్వెనకూ ఫెయిర్‌నెస్ క్రీముకూ మధ్య ఇప్పటికే ఒకటి పడి ఉంటుంది. లేదంటే మీ ఇంట్లో పెళ్లీడు పిల్ల లేదన్నమాట, ఉన్నా ఆ పిల్ల చేతిలో ఫోను లేదన్నమాట.

రీల్స్‌లో చూసిందే వేదం. ఒక అమ్మాయి దాన్ని బుగ్గ మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా దొర్లిస్తుంది. చిటికె వేస్తుంది. చిటికెకు ముందు మొటిమల గుంటలు, చిటికె తర్వాత నున్నటి గాజు. మధ్యలో ఫిల్టర్ మారిందనీ, పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుందనీ గమనించే తీరిక ఎవరికుంది? కింద లింకుంది, లింకులో డిస్కౌంటుంది, ఆ డిస్కౌంటు రాత్రి పన్నెండింటికి అయిపోతుంది.

పదిహేను రోజుల్లో మచ్చలు మాయమట. అంటే లగ్న పత్రిక రాసుకున్నాక మొదలుపెట్టినా సరిపోతుందన్నమాట. పాపం, చర్మాన్ని బిగువుగా నిలబెట్టే కొలాజెన్‌కు పంచాంగం చూడటం రాదు. సూది గుచ్చిన చోట శరీరం కొత్త కొలాజెన్ అల్లుకుని గుంటను కాస్త పైకి లేపాలంటే నెలలు పడుతుంది. చేతనైన డాక్టర్లు కూడా ఒక సిటింగ్‌కూ మరో సిటింగ్‌కూ మధ్య కనీసం నాలుగు వారాలు ఆగి, ఫలితం చెప్పడానికి మూడు నుంచి ఆరు నెలలు గడువు పెడతారు. ఫ్యాన్సీ స్టోరు ఆసామికి అంత ఓపిక లేదు. "పదిహేను దినాలు వాడు అక్కా, మొకం మెరవకుంటే నన్నడుగు" అంటాడు. పదహారో రోజు వెళ్లి అడిగితే, "రోజూ వాడినవా? గట్టిగ ఒత్తినవా? మరి గిది తీస్కపో, దీని సూది పెద్దగుంటది" అని ఇంకోటి చేతిలో పెడతాడు.

నా ఒంటికి కారం రాసినట్టయ్యేది ఇక్కడే. జహీరాబాద్ మహీంద్రా ట్రాక్టర్లు తయారయ్యే ఊరు. చెరకు నాటే చేను ఎంత లోతు దున్నాలో, అల్లం వేసే మడిలో మట్టి ఎంత గుల్లబారాలో, ఎర్రనేలలో నాగలి ఎక్కడ ఆపాలో మన రైతు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లోతు తెలియని డ్రైవర్‌ను చేను గట్టు కూడా ఎక్కనివ్వడు. ఆ రైతు కూతురు మాత్రం తన బుగ్గను ఎంత లోతు దున్నుకుంటోందో ఎవరూ అడగరు. అమ్మేవాడికి తెలియదు, కొనేవాళ్లకు తెలియదు, రీల్ చేసిన పిల్లకు అసలే తెలియదు.

తెలుసుకుంటే కథ రెండు ముక్కల్లో తేలిపోతుంది. మొహం మీద చర్మపు పైపొర మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. మొటిమ వదిలిన గుంట ఉండేది దాని కింది పొరలో. ఇంట్లో వాడుకోమని అమ్మే రోలర్ సూది పొడవు సాధారణంగా పావు మిల్లీమీటరు. అది కూడా మొత్తం దిగదు. చర్మం మెత్తగా వంగిపోతుంది, సూది సగంలో ఆగిపోతుంది. క్లినిక్‌లో మచ్చలకు వాడే సూదులు సాధారణంగా మిల్లీమీటరున్నర ప్రాంతంలో ఉంటాయి. అంటే ఇంట్లో భయం లేకుండా వాడగలిగిన సూది మచ్చను అందుకోదు. మచ్చను అందుకునే సూది ఇంట్లో వాడదగ్గది కాదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న సందులోనే వాళ్ల వ్యాపారమంతా నడుస్తోంది.

వైద్యం మాత్రం దొంగది కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. న్యూయార్క్‌లో ఓరెంట్రైక్ తండ్రీకొడుకులు 1995లోనే, మచ్చను కిందికి లాగి పట్టుకున్న పీచు పోగుల్ని సూదితో తెంచే పద్ధతిని రాసిపెట్టారు. 1997లో కెనడాలో కామిరాండ్, డూసే అనే ఇద్దరు పచ్చబొట్టు పొడిచే యంత్రంలోంచి సిరా తీసేసి ఉత్త సూదులతో మచ్చల మీద పొడిచి చూశారు. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఈ దొర్లే రకానికి 2006 ప్రాంతంలో పేరు తెచ్చింది దక్షిణాఫ్రికా ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్. మన దేశంలోనూ శ్రీనగర్‌లో డాక్టర్ ఇమ్రాన్ మజీద్ 37 మంది మీద చేసి 2009లో అచ్చువేశారు. వైద్యం పూర్తి చేసుకున్న 36 మందిలో 34 మందికి మచ్చల తీవ్రత ఒకటి రెండు మెట్లు తగ్గింది. అయితే వాళ్లకు మొహానికి మత్తు క్రీము రాసి, శుభ్రమైన గదిలో, ఏ మచ్చకు ఏ లోతో తెలిసిన చెయ్యి చేసింది. ఇక్కడ చేస్తున్నది బాత్రూమ్ బల్బు వెలుగులో. పచ్చబొట్టు పొడిపించుకున్నా నయం, కనీసం పేరన్నా మిగిలేది.

ప్యాకెట్ సంగతి చూడండి. 540 సూదులు అని బంగారు రంగులో అచ్చేశారు. చవక రకాల్లో విడివిడి సూదులే ఉండవు, రేకు చక్రాలకు పళ్లు కోసి వరసగా గుచ్చుతారు. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ గలగలా మాట్లాడే ఊరిది. ప్యాకెట్ మీద ఆ మూడూ తప్ప మిగతా లిపులున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ డ్రగ్స్ చట్టం కిందికి వచ్చాయి, జ్వరం చూసే థర్మామీటరుతో సహా. మొహంలోకి దిగే సూదులు మాత్రం గాజులకూ రిబ్బన్లకూ మధ్య దర్జాగా వేలాడుతున్నాయి.

సరే, అవన్నీ వదిలేద్దాం. నేను వదల్లేనిది ఒకటుంది.

మన ఊళ్లో ఏ సెలూన్‌కైనా వెళ్లండి. కుర్చీ ఎక్కిన మనిషి నురగ పట్టించుకోకముందే అడిగే మొదటి మాట, "అన్నా, బ్లేడు కొత్తదేనా?" సెలూన్ అన్న కాగితం విప్పుతాడు, బ్లేడును టక్కున రెండుగా విరుస్తాడు, సగం ముక్క కత్తిలో బిగించి కళ్లముందు పెట్టి చూపిస్తాడు. అప్పుడు గానీ మనవాడు మెడ వెనక్కి వాల్చడు. ఎయిడ్స్ భయం గోడల మీద రాతలై ఊరూరా తిరిగిన రోజుల్నుంచీ ఈ జాగ్రత్త మన ఒంట్లో ఇంకిపోయింది. దీనికి డిగ్రీ అక్కర్లేదు, కూలీకి వెళ్లేవాడికీ తెలుసు. చాలా మంచి అలవాటు.

ఆ పెద్దమనిషే గడ్డం గీయించుకుని ఇంటికొస్తాడు. ఇంట్లో ఒకే రోలర్. పెద్దమ్మాయి పెళ్లిచూపులకని కొన్నారు. పరీక్షలయ్యాక చిన్నమ్మాయి మొదలుపెట్టింది. పక్కింటి వదిన "ఒక్క దినం ఇయ్యి" అని పట్టుకెళ్లి వారానికి తెచ్చిచ్చింది. ఇంటర్ చదివే కొడుకు తలుపు గడియ పెట్టుకుని, మీసం త్వరగా రావాలని పై పెదవి మీద దొర్లించాడు. తల్లి కూడా ఎందుకు ఊరుకోవాలని కళ్ల కింద ఓ రెండు చుట్లు తిప్పింది. బ్లేడు గీసుకుంటే పొరపాటున రక్తం వస్తుంది. దీన్ని చేసిందే చర్మంలో వందల చిల్లులు పొడవడానికి. బ్లేడుకు భయపడ్డ మనిషి దీనికి భయపడడు. పైగా, "ఇంట్లోవాళ్లమే గదా!" అంటాడు. వైరస్ రేషన్ కార్డు చూసి వస్తుందా?

శుభ్రం చేయరా అంటే, అబ్బో, ఎందుకు చేయరు! ఒకరు గీజర్ నీళ్ల కింద పెడతారు. ఒకరు డెట్టాల్ మూతలో ముంచి తీస్తారు. ఒకరింట్లో కరోనా నాటి శానిటైజర్ సీసాడు మిగిలింది, ఇన్నాళ్లకు దానికి పని దొరికింది. ఒక మహా ఇల్లాలు ఇడ్లీ పాత్రలో పెట్టి ఆవిరి పట్టించానని సగర్వంగా చెప్పింది. ఆసుపత్రి ఆటోక్లేవ్‌లో ఆవిరిని ఒత్తిడితో 121 డిగ్రీలకు తీసుకెళ్లి, పావుగంటకు తగ్గకుండా ఉంచుతారు. ఇడ్లీ పాత్ర వంద డిగ్రీలు దాటదు. ఇడ్లీ ఉడుకుతుంది, ప్లాస్టిక్ పిడి వంకర పోతుంది, కావలసిన పని మాత్రం జరగదు.

నా మాట నమ్మొద్దు. మీ ఇంట్లో ఉన్నదాన్ని ఒకసారి ఎండకు పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని చూడండి. పళ్ల వరసల మధ్య తెల్లటి పొట్టు కనిపిస్తుంది, అది ఎవరిదో ఒకరి చర్మం. తువ్వాలు నూలుపోగు చుట్టుకుని ఉంటుంది. ఎప్పుడో స్టీలు బకెట్‌లో జారిపడి ఉంటుంది గనక అంచు వరసలో రెండు మూడు పళ్లు కొక్కేల్లా వంగి ఉంటాయి. అవి గుచ్చవు, చీలుస్తాయి. క్లినిక్‌లో దాన్ని ఒక్క మనిషికి ఒక్కసారి వాడి పారేసేది ఇందుకే. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన చోట కూడా వారం రోజులు బతికి ఉండగలదు. పక్కింటి వదిన కూడా సరిగ్గా వారానికే తెచ్చిచ్చింది.

ఇది భయపెట్టడం కాదు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం ఆల్బకర్కీలో ఒక స్పాకు వెళ్లి, రక్తం తీసి సూదులతో మళ్లీ మొహంలోకి ఎక్కించే ఫేషియల్ 2018లో చేయించుకున్న ముగ్గురు ఆడవాళ్లకు అక్కడే హెచ్ఐవీ సోకి ఉంటుందని వాళ్ల వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో తేల్చింది. ఆ స్పాకు లైసెన్సు లేదు. మన అద్దం కింది అరకు ఉందా?

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోతోంది.

ఈ రోలర్ ఎక్కువగా చేరేది మచ్చలున్నవాళ్ల దగ్గరికి కాదు, ఇంకా మొటిమలున్న పిల్లల దగ్గరికి. పదిహేడేళ్ల పిల్ల, బుగ్గ మీద పండిన మొటిమలు, వాటి మీదుగా ఇనుప పళ్లు. ఒక మొటిమలోని చీము పక్కనున్న ప్రతి చిల్లులోకీ పోతుంది. మచ్చలు పోగొట్టుకోవడానికి కొన్న వస్తువుతో కొత్త మచ్చలకు నారు పోస్తోంది. ఇంకో ఘోరం, చాలామంది మచ్చ అనుకునేది గుంటే కాదు, మొటిమ మానిన చోట మిగిలిన నలుపు. ఎండ తగలకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో దానంతటదే పలచబడేది. మన చామనఛాయ చర్మం గాయపడితే నల్లబడుతుంది, అది దాని స్వభావం. ఆ నలుపు మీదే రాత్రి సూదులు దొర్లించి, పొద్దున స్కూటీ మీద ఎండలో, ముంబై హైవే లారీల దుమ్ములో కాలేజీకి పోతే నలుపు రెట్టింపు కాక ఏమవుతుంది? ఆ చిల్లుల మీద నిమ్మరసం పిండేవాళ్లున్నారు. సీసా సీరం పోసేవాళ్లున్నారు. చర్మం మీద రాసుకోవడానికి చేసిన విటమిన్ సి సీరాన్ని సూదులతో లోపలికి పంపితే మొహం మీద గడ్డలు లేచిన కేసులు 2014లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి.

మొహం మండిపోతుంటే పిల్ల ఎక్కడికి పోతుంది? మందుల షాపుకు. అక్కడ ఒక ట్యూబు ఇస్తారు. మూడు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, దేవుడిలాంటి మందు అనిపిస్తుంది. అది స్టెరాయిడ్. మానేస్తే మంట, రాస్తే హాయి. ఏడాది తిరిగేసరికి చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు గుంపులుగా తిరిగొస్తాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మొద్దంది. ఆ కబురు సదాశివపేట దాటి ఇటు వచ్చినట్టు లేదు. ముందు సూది అమ్మినవాడు, తర్వాత ట్యూబు అమ్మినవాడు, వీళ్లిద్దరూ బాగుపడ్డారు. పిల్ల మొహం పాడైంది. దీన్ని సౌందర్యం అనొద్దు. చిన్నపిల్లల సిగ్గును కిలోల లెక్కన కొని అమ్ముకోవడం ఇది.

"డాక్టరు దగ్గరికి పోవాలంటే మాటలా?" అంటారు. నిజమే, మాటలు కాదు, బస్సు చార్జీలు, ఒక రోజు కూలి. అయినా సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, అవతల బీదర్‌లో ఉంది, హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. మూడు రోలర్లకూ రెండు ట్యూబులకూ పెట్టిన డబ్బు అక్కడికి పోయిరావడానికి చాలు. ముందు మొటిమలు తగ్గిస్తారు. ఆ తర్వాతే మచ్చల మాట. కొన్ని మచ్చలకు సూదులు పనిచేస్తాయి, సన్నగా లోతుగా దిగిన వాటికి పనిచేయవు, వాటికి వేరే దారి ఉంది. ఏది ఏదో చెప్పడానికే ఆ డాక్టరు అన్నేళ్లు చదివింది.

మరి ఇంత తొందర ఎందుకు? పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి మేనత్త ఉంటుంది. పకోడీ తింటూ, "పిల్ల మంచిగనే ఉంది గానీ మొకం మీద జర గుంతలున్నయి" అంటుంది. పక్కనే కూర్చున్న ఆమె మేనల్లుడి బుగ్గలు వానాకాలం తర్వాత మన అడ్డరోడ్లను మించి ఉంటాయి. అయినా అతగాడికి రోలర్ కొనిపెట్టిన తల్లిని నేను జహీరాబాద్‌లో ఇంతవరకు చూడలేదు. మగాడి మొహం మీద గుంటలుంటే మగతనం, ఆడపిల్ల మొహం మీద ఉంటే కట్నంలో తేడా. 540 సూదులు నిజానికి గుచ్చుతున్నది ఈ లెక్కతోనే.

లోతు తక్కువ మొటిమ మచ్చ మామూలు వెలుతురులో, నాలుగడుగుల దూరం నుంచి కనిపించనే కనిపించదు. కనిపించాలంటే మొహానికి బెత్తెడు దూరంలోకి వచ్చి, పక్కనుంచి టార్చి వేసి వెతకాలి. డాక్టర్లు అలా వెతుకుతారు, అది వాళ్ల పని. పకోడీకి వచ్చినవాళ్లకు ఆ పనేమిటి? ఈసారి ఎవరైనా మీ పిల్ల మొహంలో గుంటలు లెక్కపెట్టడం మొదలుపెడితే రోలర్ కొనకండి. వాళ్ల కుర్చీలు నాలుగడుగులు వెనక్కి జరపండి. అక్కణ్నుంచి కూడా కనిపిస్తున్నాయంటే, ఆ కుర్చీల్ని గుమ్మం బయట వేయండి.