ఆనందం పద్దు కింద చెల్లు

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీ వైద్యుడి నిర్లక్ష్యం వల్ల మళ్లీ గర్భవతై బిడ్డను కంటే, ఆ బిడ్డ పెంపకానికయ్యే ఖర్చును నష్టంగా లెక్కించవచ్చా అన్న ప్రశ్నకు కొన్ని దేశాల న్యాయస్థానాలు కనిపెట్టిన జవాబు, గణితశాస్త్రజ్ఞులు ఎవరూ ఇంతవరకు సాధించలేని ఘనకార్యం. పద్దుల పుస్తకంలో ఒకవైపు పాలు, బట్టలు, మందులు, బడి ఫీజులు ఉంటాయి. రెండోవైపు ఆనందం ఉంటుంది. మొదటిదాన్ని పైసలతో సహా లెక్కకట్టవచ్చు, రెండోదాన్ని ఎవరూ కొలవలేరు. అయినా కొలవలేని రాశి కొలిచిన రాశికంటే ఎప్పుడూ పెద్దదేనని, ఏ ఇంటి విషయంలోనైనా, ఒక్క సాక్షినీ విచారించకముందే తేలిపోతుంది కనుక నష్టం సున్న. దీన్ని ఆశీర్వాద వాదం అనుకోవచ్చు. తెలుగు పల్లెల్లో ఇదే సిద్ధాంతాన్ని నారు పోసినవాడు నీరు పోయడా అన్న ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాట చెప్పే ముసలమ్మ అందుకు ఫీజు పుచ్చుకోదన్నదే తేడా.

1983లో లండన్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఈ వాదాన్ని చక్కగా విశదీకరిస్తూ, బిడ్డ పుట్టుక సంతోషించవలసిన సందర్భమే తప్ప దావా వేయవలసిన సందర్భం కాదని, పైగా తన పుట్టుక పొరపాటని న్యాయస్థానం బహిరంగంగా ప్రకటించిన సంగతి పెద్దయ్యాక తెలిస్తే ఆ బిడ్డ మనసు కష్టపడుతుందని సెలవిచ్చారు. ఆ సున్నితత్వం మెచ్చుకోదగ్గదే. కాకపోతే అదే తీర్పును తల్లి ఇంటిపేరుతో సహా లా రిపోర్టులలో అచ్చువేసి, నాలుగు దశాబ్దాలుగా లా విద్యార్థుల చేత చదివిస్తూ రావడం వల్ల ఆ మనసు ఎంతవరకు కుదుటపడిందో ఎవరూ వాకబు చేసినట్టు లేదు. తరువాత అప్పీలు కోర్టు ఈ వాదాన్ని పక్కకు నెట్టి పెంపకం ఖర్చును అనుమతించింది. 1988 నాటి ఒక తీర్పులో ప్రైవేటు బడి ఫీజు కూడా పరిహారంలో చేరింది. అప్పుడు పెద్దలకు బెంగ పట్టుకుంది. 1999 నవంబరులో స్కాట్లండుకు చెందిన టేసైడ్ హెల్త్ బోర్డు కేసులో, అప్పటికి బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తలుపు మూసేసింది. భర్తకు వేసెక్టమీ జరిగింది, ఇక జాగ్రత్తలు అక్కరలేదని ఆసుపత్రి చెప్పింది, నలుగురు పిల్లలున్న ఆ ఇంట్లో ఐదో బిడ్డ పుట్టింది. గర్భం, ప్రసవం వల్ల తల్లి పడిన బాధకు 10,000 పౌండ్లు, పెంపకానికి లక్ష పౌండ్లు ఆ దంపతులు అడిగారు. మొదటి పద్దు కింద పరిహారానికి అర్హత ఉందన్నారు, రెండోది చెల్లదన్నారు. లార్డ్ స్టెయిన్ అయితే లండన్ భూగర్భ రైలు ప్రయాణికులను అడిగితే అత్యధికులు పెంపకం ఖర్చు ఇవ్వనక్కరలేదనే చెబుతారని తన తీర్పులో రాశారు. టికెట్టు కొనకుండా, రైలెక్కకుండా, ఒక్క ప్రయాణికుణ్ణీ పలకరించకుండా పూర్తి చేసిన ప్రజాభిప్రాయ సేకరణగా ఇది సామాజిక శాస్త్రాల చరిత్రలో నిలిచిపోదగినది.

నాలుగేళ్లకు డార్లింగ్టన్ ఆసుపత్రి కేసులో ఏడుగురు లార్డులు నలుగురు ముగ్గురుగా చీలి, తల్లి తన జీవితాన్ని తన ఇష్టప్రకారం నడుపుకునే అవకాశం కోల్పోయినందుకు 15,000 పౌండ్ల స్థిరమొత్తం ఇప్పించారు. అది పెంపకం ఖర్చు కాదని గట్టిగా హెచ్చరించారు కూడా. నష్టాన్ని అంచనా కట్టడం అసాధ్యమని ఒక పేజీలో తేల్చి, ధనికురాలికైనా పేదరాలికైనా అది సరిగ్గా 15,000 పౌండ్లేనని మరో పేజీలో తేల్చగలగడం సామాన్యులకు చేతనయ్యే పని కాదు.

ఆశీర్వాద వాదాన్ని నిజంగా నమ్మేవారు దాన్ని సగంలో వదిలేయకూడదు. పుట్టిన ప్రతి బిడ్డా ఖర్చుకు మించిన లాభమే అయితే, పుట్టకుండా పోయిన ప్రతి బిడ్డా తప్పిపోయిన లాభం కావాలి. అప్పుడు పరిహారం చెల్లించవలసింది ఆపరేషన్ తప్పిన వైద్యులు కాదు, ఆపరేషన్ సక్రమంగా చేసినవారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితలలో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే అండాన్ని గర్భాశయానికి చేర్చే నాళాలను కత్తిరించి ముడివేసే ఆపరేషన్, చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఇది 37.9 శాతం, మగవాళ్ల ఆపరేషన్లు 0.3 శాతం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపుకు నడిచి వెళ్లి, చేతిలో పెట్టిన ప్రోత్సాహకం తీసుకుని, కుట్లతో ఇంటికి చేరిన ఆ లక్షలాది మంది, లార్డుల లెక్క ప్రకారం, ప్రభుత్వం చేతిలో ఘోరంగా నష్టపోయినవారు. వారి తరఫున దావా వేయడానికి ఆశీర్వాదవాదులెవరూ ఇంతవరకు ముందుకు రాకపోవడం విచారకరం.

ఇంతకీ లెక్క అసాధ్యమా అంటే, అసాధ్యం కాదని 2003లోనే ఆస్ట్రేలియా హైకోర్టు చూపించింది. క్వీన్స్‌లాండ్‌లో ఒక స్త్రీ తన కుడి నాళం చిన్నతనంలోనే తీసేశారని చెప్పగా, వైద్యుడు ఆ మాటను సరిచూడకుండా నమ్మి ఎడమ నాళానికే క్లిప్పు వేశాడు. ఉండనే ఉన్న కుడి నాళం తన పని తాను చేసింది. పిల్లవాడికి 18 ఏళ్లు వచ్చేదాకా అయ్యే ఖర్చు అంచనా వేస్తే 1,05,249 డాలర్ల 33 సెంట్లు తేలింది. ఇందులో మర్మమేమీ లేదు. ఏటేటా అయ్యే ఖర్చును పద్దులవారీగా వేసి, భవిష్యత్తులో కావలసిన సొమ్ము ఈరోజే చేతికొస్తే దానిమీద వచ్చే వడ్డీని మినహాయించి, నేటి విలువకు కుదించడం బీమా కంపెనీల గుమాస్తాలు రోజూ చేసే పని. న్యాయమూర్తులు నలుగురు ముగ్గురుగా చీలినా మెజారిటీ ఈ లెక్కను ఒప్పుకుంది. సెంట్లతో సహా లెక్క తేలిపోవడమే కొంప ముంచిందేమో, లెక్క అసాధ్యమన్న వాదాన్ని కాపాడటానికి క్వీన్స్‌లాండ్ శాసనసభ ఆ ఏడే చట్టం తెచ్చి ఇకముందు ఇలాంటి లెక్కలు వేయకూడదని నిషేధించింది.

భారతదేశంలో కథ గౌరవంగానే మొదలైంది. హౌస్ ఆఫ్ లార్డ్స్ తలుపు మూసిన ఐదు నెలలకు, 2000 ఏప్రిల్‌లో, మన సుప్రీంకోర్టు హర్యానా ప్రభుత్వ అప్పీలును కొట్టేస్తూ ఆశీర్వాద వాదాన్ని దగ్గరకు రానివ్వలేదు. ఏడుగురు బిడ్డలున్న ఒక కూలి మహిళ 1988లో గుర్గావ్ ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంది. ఆ తరువాత ఎనిమిదో బిడ్డగా ఆడపిల్ల పుట్టాక తేలిన విషయం, కుడి నాళానికే ఆపరేషన్ జరిగిందని, ఎడమ నాళాన్ని ఎవరూ ముట్టుకోలేదని. జనాభాను అదుపు చేయాలని ప్రభుత్వమే పథకాలు నడుపుతూ, ఆ పథకంలో చేరిన పేదరాలి మీద తన వైద్యుడి నిర్లక్ష్యం మోపిన భారాన్ని దేవుడి మీదికి తోసేయడం కుదరదని కోర్టు చెప్పిన మాటకు వంక పెట్టలేం. వంకంతా అంకెలోనే ఉంది. ఆమె 2 లక్షలు అడిగితే దక్కింది 54,000 రూపాయలు, దానిపై 12 శాతం వడ్డీ. వడ్డీ సంగతి పక్కనపెట్టి అసలును 18 ఏళ్లకు పంచితే నెలకు 250 రూపాయలు. ఇంత స్వల్పమొత్తం కోసం రాష్ట్ర ప్రభుత్వం దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా పోరాడింది. ఆ పోరాటానికి ఖర్చైన లాయర్ల ఫీజు ఎంతో ఆ తీర్పులో లేదు.

2005 ఆగస్టులో పంజాబ్ ప్రభుత్వానికి సంబంధించిన కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గౌరవాన్ని చాలావరకు వెనక్కి తీసుకుంది. ఏ పద్ధతిలో చేసినా ఆపరేషన్ 0.3 నుంచి 7 శాతం దాకా విఫలం కావచ్చని, కత్తిరించిన నాళం సహజంగానే తిరిగి కలిసిపోవచ్చని, దీన్నే రీకెనలైజేషన్ అంటారని, కాబట్టి గర్భం రావడమే నిర్లక్ష్యానికి రుజువు కాదని ధర్మాసనం చెప్పింది. వైద్యశాస్త్రం దృష్టిలో ఇది సరైన మాటే. కానీ తన కడుపులోని నాళం ప్రకృతి కలిపిందో, సర్జన్ అసలు కత్తిరించనే లేదో రుజువు చేయవలసిన బాధ్యత, సర్జన్ రాసిన కాగితం తప్ప మరో ఆధారం లేని ఆ స్త్రీ మీదే పడింది. రోజుకు ఒక సర్జన్ 30 ఆపరేషన్లకు మించకూడదని నిబంధనలు చెబుతుండగా, 2014 నవంబరులో బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. ఆ వారం అక్కడి శిబిరాలలో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది చనిపోయాక, శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలాంటి శిబిరపు రిజిస్టరులో ఎడమ నాళం గురించి, కుడి నాళం గురించి విడివిడిగా ఏం రాసి ఉంటారో ఊహించడానికి పెద్ద ప్రతిభ అక్కరలేదు.

2005 నాటి ఆ పంజాబ్ తీర్పులో ఇంతకంటే రసవత్తరమైన భాగం మరొకటుంది. గర్భం వచ్చినట్టు తెలిశాక కూడా దంపతులు బిడ్డను కనడానికే నిర్ణయించుకుంటే ఆ బిడ్డ అవాంఛిత సంతానం కాదని, పెంపకం ఖర్చు అడగరాదని ధర్మాసనం అన్నది. దీనికి ఆధారం 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం. గర్భనిరోధం విఫలమై వచ్చిన గర్భం వల్ల కలిగే వేదనను స్త్రీ మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హానిగా భావించవచ్చని ఆ చట్టమే చెబుతుంది. అంటే కడుపులో ఉన్నన్నాళ్లూ తీవ్రమైన హాని అయినది నేల మీద పడగానే స్వయంగా కోరుకున్న వరమైపోతుంది. ఆపరేషన్‌కు ముందు వేలిముద్ర వేయించుకునే అంగీకార పత్రంలో కూడా, నెలసరి తప్పితే రెండు వారాల్లోగా ఆసుపత్రికి వస్తానని, అక్కడ ఉచితంగా గర్భస్రావం చేయించుకోవచ్చని ఆమె చేత ఒప్పిస్తారు. ఇక పిల్లలు పుట్టరని ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, డాక్టరు ముగ్గురూ చెప్పిన మాటను నమ్మిన మనిషి, నెల తప్పగానే నీరసం అనుకుంటుందే గాని ఆ ముగ్గురినీ అనుమానించదు. ఆ మాటను నమ్మడం ఆమె కర్తవ్యం, సరిగ్గా పధ్నాలుగు రోజుల్లో నమ్మడం మానేయడం కూడా ఆమె కర్తవ్యమే. లండన్‌లో బిడ్డ మహద్భాగ్యం కనుక ఖర్చు ఇవ్వరు. ఢిల్లీలో బిడ్డను తీయించుకోలేదు కనుక ఖర్చు ఇవ్వరు. ఒకరినొకరు ఖండించుకునే ఈ రెండు వాదాలూ చివరికి ఒకే సున్న దగ్గర కలుసుకుని కరచాలనం చేసుకుంటాయి.

సున్న మరీ బాగుండదనుకుని కాబోలు, 2005 నుంచే ఒక బీమా పథకం మొదలైంది. నిర్లక్ష్యం రుజువు చేయనక్కరలేకుండానే సొమ్ము ఇవ్వడం దాని సుగుణం. 2013లో కుటుంబ నియంత్రణ నష్టపూర్తి పథకంగా మారిన దాని ప్రకారం ఆపరేషన్ విఫలమైతే అప్పట్లో ఇచ్చింది 30,000 రూపాయలు. వైఫల్యం బయటపడిన 90 రోజుల్లోగా అర్జీ పెట్టుకోవాలి. ఆ మొత్తాన్ని 18 ఏళ్లకు పంచితే రోజుకు నాలుగున్నర రూపాయల మీద అయిదారు పైసలు. అదే ప్రభుత్వం 2017లో సవరించిన లెక్కల ప్రకారం అంగన్‌వాడీలో ఒక పసిబిడ్డకు అనుబంధ పోషకాహారం కింద, అంటే ఇంటి తిండికి అదనంగా పెట్టే తిండికి, రోజుకు 8 రూపాయలు కేటాయిస్తుంది. ఒక శాఖ లెక్క రెండో శాఖ కంటపడకపోవడం పరిపాలనా సౌలభ్యం కోసమే కావచ్చు.

ఈ 30,000 అనే అంకెకు మరో చోట మరో వైభవం ఉంది. వాహన ప్రమాదంలో చనిపోయిన పదేళ్ల పిల్లవాడి కేసులో 2013లో సుప్రీంకోర్టు, సంపాదన లేని ఆ పసివాడికి ఏడాదికి 30,000 రూపాయల ఊహాత్మక ఆదాయం నిర్ణయించి, వయసును బట్టి ఎన్నేళ్ల ఆదాయం లెక్కించాలో చెప్పే గుణకం 15 చొప్పున హెచ్చించి, ఇతర పద్దులు కలిపి తల్లిదండ్రులకు 5 లక్షలు ఇప్పించింది. ఆ తీర్పు న్యాయమైనదే. గృహిణి పనికి కూడా విలువ కట్టాలని 2021లో జస్టిస్ ఎన్.వి. రమణ, ఇంటి పనిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతారన్న 2019 జాతీయ సర్వేను ఉటంకిస్తూ రాశారు, అదీ న్యాయమే. చనిపోయిన బిడ్డ సంపాదించి ఉండే సొమ్మును, చనిపోయిన తల్లి వండి ఉండే అన్నాన్ని లెక్కకట్టడం మన కోర్టులకు కష్టం కాలేదు. బతికున్న బిడ్డ తాగే పాలు, బతికున్న తల్లి మేలుకునే రాత్రులు మాత్రమే లెక్కకు అందని పరమార్థాలు.

ఆశీర్వాదం సంగతి సర్కారుకు మరో విధంగానూ తెలుసు. కేంద్రం ఇచ్చే మాతృవందన సాయం తొలి బిడ్డకు, రెండో బిడ్డ ఆడపిల్లైతే ఆమెకు. మూడో బిడ్డకు లేదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి ఇద్దరికి 26 వారాల సెలవు ఇచ్చి, ఆపైన పుట్టేవారికి 12 వారాలతో సరిపెట్టింది. కూలికి పోయే తల్లికి ఆ 12 కూడా లేవు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమైతే ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులంది. మూడో బిడ్డను ఇష్టపడి కన్నారా, సర్కారీ డాక్టరు చేయి తప్పితే పుట్టిందా అన్న విచక్షణ ఆ నిబంధన మాటల్లో లేదు. ఆపరేషన్ తప్పి సర్పంచి పదవి చేజారిన స్త్రీకి ఆ నష్టం ఏ పద్దు కింద రాయాలో ఏ కోర్టూ, ఏ పథకమూ చెప్పలేదు. మూడు దశాబ్దాల తరువాత, 2024లో, పిల్లలను ఎక్కువ మందిని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పిలుపునిచ్చారు, నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. కొత్త విధానం ప్రకారం, నాళం ముడి వదులుగా వేసిన సర్జన్లంతా ముందుచూపుతో జనాభా సేవ చేసినవారే అవుతారు. తల్లులకు ఇచ్చిన 30,000 రూపాయలను వడ్డీతో సహా వసూలు చేసి ఆ సర్జన్లకు ప్రోత్సాహకంగా పంచమనే ఉత్తర్వు ఒక్కటే ఇంకా వెలువడలేదు.