ఒక పాదరసదీపము ఆత్మకథ

నా దేహము గాజు కాదు, క్వార్ట్జు అను శిల. సామాన్యమైన గాజు అతినీలలోహిత కిరణములను తనలోనే అణచుకొనును గనుక, అవి బయల్వెడలవలెనన్న ఇట్టి శిలాదేహమే కావలెను. నా గర్భమున పాదరసపు ఆవిరి గలదు. దానిగుండ విద్యుత్తు ప్రవహించినపుడు నేను వెలువరించు నీలహరితకాంతి చూపరులకు మనోహరము కాదు. అందులో కంటికి కానరాని భాగమే నా సారము. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, మాడిసన్ నగరపు విశ్వవిద్యాలయములో, వ్యవసాయ రసాయనశాఖవారి ప్రయోగశాలలో ఆచార్య హారీ స్టీన్‌బాక్ చేతికి నేను వచ్చితిని.

ఆ దినములలో ఎండ చొరని నగరవీథులలో పుట్టిన బిడ్డలనేకులు రికెట్సు వ్యాధిచే ఎముకలు మెత్తబడి, కాళ్లు వంకరవోయి, నడకకే నోచుకొనక యుండిరి. కాడ్‌చేప కాలేయపు నూనెయు, సూర్యరశ్మియు దానికి మందులని వైద్యు లెరిగియుండిరి గాని, రెంటికిని గల సంబంధము తెలియకుండెను. నా కాంతి సోకిన ఎలుకలు కోలుకొనుటయే గాక, వానితో ఒకే బోనులో నుంచిన, నన్నెన్నడు నెరుగని ఎలుకలును కోలుకొనుట చూచి ఆచార్యుడు విస్మితుడై, ఆ జాడ వెంటనే పోయి, తుదకు ఎలుకలను విడిచి వాని ఆహారమునే నా క్రింద నుంచెను. ఆ తిండి తిన్న ఎలుకల ఎముకలు గట్టిపడెను. ఇది 1924వ సంవత్సరపు మాట. న్యూయార్కున ఆల్‌ఫ్రెడ్ హెస్ అను వైద్యుడును ఇంచుమించు ఆ సమయముననే ఈ సత్యమును కనుగొనెను.

ఇక్కడినుండియే నా జీవితము శాస్త్రమును దాటి ధర్మవిచారములో ప్రవేశించినది. ప్రజాధనముచే పోషింపబడు విద్యాలయములో, వేతనము గైకొను ఆచార్యుడు కనుగొన్నది ఎవరి సొత్తు? అదే విశ్వవిద్యాలయమున స్టీఫెన్ బాబ్‌కాక్ పండితుడు 1890లో పాలలోని వెన్నను కొలుచు పద్ధతిని కనిపెట్టి, పేటెంటు గైకొనక లోకమునకు ధారపోసి యుండెను. స్టీన్‌బాక్ ఆ మార్గమును త్రొక్కలేదు. నా కిరణములకు మితిమీరి లోనైన ఆహారమున పుట్టిన విటమిన్ డి గుణము మరల నశించును. ఇది నాకంటె బాగుగ నెవ్వరెరుగుదురు? కాపు లేని పద్ధతి ధనాశాపరుల పాలబడినచో, పనికిరాని సరకు బిడ్డల మందు పేర అమ్ముడుపోవునని ఆయన భయపడెను. ఆ భయము న్యాయమైనదని నేటికిని నా నమ్మకము. తన సొంత ధనము 300 డాలర్లు వెచ్చించి దరఖాస్తు పెట్టెను. క్వేకర్ ఓట్స్ అను ధాన్యాహారపు కంపెనీ ఇంచుమించు పదిలక్షల డాలర్లు ఈయజూపినను, ఆ ధనమును తనదిగా చేసికొనక, విద్యాలయపు పరిశోధనకే ఫలము దక్కవలెనని పట్టుబట్టెను.

అయితే విశ్వవిద్యాలయపు పాలకులు పేటెంటు వ్యాపారమున దిగుటకు జంకిరి. అపుడు చార్లెస్ స్లిక్టర్, హారీ రస్సెల్ అను డీనులు ఒక ఉపాయము నాలోచించిరి. పూర్వవిద్యార్థులు తొమ్మండుగురు తలకు నూరు డాలర్లు వేసికొనగా, 1925 నవంబరులో విశ్వవిద్యాలయమునకు వెలుపల, దాని క్షేమమే పరమార్థముగా, పూర్వవిద్యార్థుల పరిశోధనా ప్రతిష్ఠానము వెలసినది. పేటెంటు దానిది, లైసెన్సులిచ్చుట, రాయల్టీ వసూలు చేయుట, మూలధనమును పెంచుట దాని పని, దాని దానమును ఏ పరిశోధనకు వినియోగింపవలెనో నిర్ణయించుట విశ్వవిద్యాలయపు పని. ఆచార్యులెవ్వరును తమ పేటెంటును దానికే యీయవలెనను నిర్బంధము నాడు లేదు. నా కిరణముల పేటెంటు 1928లో మంజూరయ్యెను. లైసెన్సు పొందినవారి సరకును ప్రతిష్ఠానము తన ప్రయోగశాలలో పరీక్షించుచుండెను. ఆర్థికమాంద్యము క్రమ్ముకొని జీతములు కుంగిన దినములలో యువశాస్త్రజ్ఞులెందరో చెదరిపోక మాడిసన్‌లో నిలిచిరన్న, ఆ రాయల్టీ ధనపు చలువయే.

కాని నా హృదయమును నేటికిని కలచు విషయ మొకటి గలదు. విస్కాన్సిన్ పాడిపంటల సీమ. స్టీన్‌బాక్ పల్లెలో పెరిగిన రైతుబిడ్డ. వెన్నకు పోటీ వచ్చునను శంకతో, కృత్రిమపు వెన్నయైన మార్గరీను చేయువారికి ప్రతిష్ఠానము లైసెన్సు నిరాకరించెను. వెన్న కొనలేని యిండ్లలో నాడు తినినది మార్గరీనే. రికెట్సు అధికముగ నుండినదియు ఆ యిండ్లలోనే. కల్తీనుండి బిడ్డలను కాచుటకై కట్టిన కోట, ఆ బిడ్డలకే తలుపు మూయుట నాకు సమ్మతము కాదు.

హార్వర్డు విశ్వవిద్యాలయము 1930వ దశకమున వేరొక నియమము చేసికొనెను: వైద్యమునకు, ప్రజారోగ్యమునకు సంబంధించిన పేటెంటును విశ్వవిద్యాలయము గైకొన్నచో, లోకమునకు సమర్పించుటకే గైకొనవలెను. మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ హార్వర్డులోనే, ఆ నియమమునకు మునుపే, ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. రికెట్సు సోకిన బిడ్డల రక్తమున తరచుగ తగ్గునది ఆ భాస్వరమే. ఆ పద్ధతి దేశదేశముల ప్రయోగశాలలకు నిరాటంకముగ వ్యాపించినది.

రెండవ ప్రపంచయుద్ధపు తుది దినములలో మా పేటెంటు అపీలు న్యాయస్థానమున నిలువలేదు. రైతులు గడ్డిని ఎండలో ఆరబెట్టునపుడును, ద్వీపవాసులు కొబ్బరిని ఎండబెట్టునపుడును సూర్యుడు అనాదిగా చేయుచున్న పనినే ఇది తనదనుచున్నదని న్యాయమూర్తులు భావించిరి. పేదల వెన్నయగు మార్గరీనుకు జరిగిన నిరాకరణమును గూడ ఎత్తి చూపిరి. 1946లో ప్రతిష్ఠానము తన విటమిన్ డి పేటెంట్లను ప్రజలకు విడిచిపెట్టెను. అంతటితో అది మూతపడలేదు. బూజుపట్టిన క్లోవరు గడ్డి మేసి నెత్తురు గడ్డకట్టక చచ్చు పశువులను పరిశీలించిన కార్ల్ పాల్ లింక్ ఆచార్యుని ప్రయోగశాలలో వార్ఫరిన్ పుట్టెను. తొలుత ఎలుకల మందుగను, పిమ్మట మనుష్యుల రక్తనాళములలో గడ్డలు కట్టకుండ కాపాడు ఔషధముగను అది లోకమున వ్యాపించగా, దాని ఆదాయమును ఆ ప్రతిష్ఠానపు నిధికే చేరి, మరల మాడిసన్ ప్రయోగశాలలను పోషించెను.